బెటర్ అంటే... దేనికంటే?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే మాట చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి మిగతావి వచ్చే సంచికకి పక్కన పెట్టి దీని సంగతే చూద్దాం. ఆ మాట 'బెటర్'. మన హైదరాబాద్‌లో ఇంగ్లీషు ఒక్క ముక్క రాదనేవాళ్ళు కూడా రోజుకి పదిసార్లు వాడే మాట ఇది. అమీర్‌పేటలో మెట్రో మారడం బెటర్, ఆ డాక్టరు కంటే ఈ డాక్టరు బెటర్, నిన్నటికంటే ఇవాళ దగ్గు కొంచెం బెటర్. ఇంతగా నోట్లో నానిన మాట కాబట్టే దాన్ని తిరిగి ఇంగ్లీషులో వాడేటప్పుడు మనం ఆగి ఆలోచించం. చిక్కంతా అక్కడే.

ప్రశ్న: నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో పని చేస్తున్నాను. పోయిన నెల బయటి దేశంలో ఉన్న క్లయింట్‌కి ఒక మెయిల్ పెట్టాను. శుక్రవారంలోగా కాగితాలు పంపితే మంచిదని చెప్పడమే నా ఉద్దేశం. 'ప్లీజ్, యూ హ్యాడ్ బెటర్ సెండ్ ద డాక్యుమెంట్స్ బై ఫ్రైడే' అని రాశాను. ఆయన ఆ మెయిల్‌ని మా మేనేజర్‌కి పంపి, ఇలాగేనా రాసేది అని అడిగారట. రెండు రోజులు నిద్ర పట్టలేదు. గ్రామర్ చూస్తే తప్పేమీ లేదు, మరి తప్పెక్కడ జరిగింది? — ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. మీ వాక్యంలో గ్రామర్ తప్పు నిజంగానే లేదు, మీ మనసులో అమర్యాద అంతకన్నా లేదు. మీరు తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాశారు. తెలుగులో 'శుక్రవారంలోగా పంపితే బెటర్ సార్' అంటే ఎంత మెత్తగా ఉంటుంది! పంపండి అని ఆజ్ఞాపించడం లేదు, పంపితే బాగుంటుందని ఊరికే ఓ సలహా, నిర్ణయం మీదే అన్నట్టు. మన నోట్లో బెటర్ అనేది మాటకి పదును తగ్గించే పని చేస్తుంది. కానీ అదే బెటర్ ముందు 'యూ హ్యాడ్' చేరితే ఇంగ్లీషులో సరిగ్గా దానికి వ్యతిరేకమైన పని చేస్తుంది. 'యూ హ్యాడ్ బెటర్ సెండ్' అంటే ఇంగ్లీషు వాళ్ళ చెవికి 'పంపితే మంచిది, పంపకపోయారో ఏమవుతుందో చూసుకోండి' అని వినిపిస్తుంది. ఆ రెండో సగం మీరు రాయలేదు, ఆయన చదువుకున్నాడు. ముందు ప్లీజ్ పెట్టినా అది పోదు.

దీన్ని 'షుడ్'తో పోల్చి చూడండి, తేడా తెలుస్తుంది. షుడ్ అంటే చేయాలి, చేస్తే మంచిది, అంతవరకే. 'హ్యాడ్ బెటర్'లో ఇప్పుడే, ఈ పనే, లేకపోతే నష్టం అనే మూడూ ఉంటాయి. తల్లి పిల్లాడితో 'యూ హ్యాడ్ బెటర్ ఫినిష్ యువర్ హోమ్‌వర్క్' అనొచ్చు. స్నేహితుడితో 'వర్షం వచ్చేలా ఉంది, వుయ్ హ్యాడ్ బెటర్ లీవ్' అనొచ్చు, అందులో మీరూ ఉన్నారు కాబట్టి బెదిరింపు అనిపించదు. మీ గురించి మీరు 'ఐ హ్యాడ్ బెటర్ గో' అనుకుంటే అసలు గొడవే లేదు, 'ఇక బయల్దేరతాను' అన్నట్టు ఉంటుంది. క్లయింటుకి, పై అధికారికి, పరిచయం లేని మనిషికి, వయసులో పెద్దవారికి మాత్రం 'యూ'తో కలిపి వాడకండి. మీరు అనుకున్న మెత్తటి మాట కావాలంటే 'ఇట్ వుడ్ బి బెటర్ ఇఫ్ వుయ్ కుడ్ హావ్ ద డాక్యుమెంట్స్ బై ఫ్రైడే' అని రాయండి. ఇందులోనూ బెటర్ ఉంది చూడండి. ఆ మాటలో దోషం లేదు, దాని ముందు నిలబడ్డ మాటలోనే ఉంది. అంతకన్నా తేలిక, 'కుడ్ యూ ప్లీజ్ సెండ్'. అది ఎప్పుడూ ఎవరినీ నొప్పించదు.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. 'హ్యాడ్' చూసి ఇది జరిగిపోయిన కాలం అనుకునేవాళ్ళు చాలామంది. కాదు. ఇప్పటి గురించో, కాసేపట్లో జరగాల్సిన దాని గురించో మాత్రమే వాడతారు. దాని తర్వాత క్రియ మామూలు రూపంలోనే ఉండాలి. 'హ్యాడ్ బెటర్ టు గో' కాదు, 'హ్యాడ్ బెటర్ వెంట్' అసలే కాదు. వద్దని చెప్పాలంటే 'హ్యాడ్ బెటర్ నాట్ గో'. మాట్లాడేటప్పుడు హ్యాడ్ మింగేసి 'యూ బెటర్ గో' అంటారు, సినిమాల్లో మనం వినేది అదే, అది ఇంకా కరుకు.

ఈ హ్యాడ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే మీకు నచ్చుతుంది. పాత ఇంగ్లీషులో ఈ వాక్యం 'నేను'తో మొదలయ్యేది కాదు, 'నాకు'తో మొదలయ్యేది. 'నాకు వెళ్ళడమే మేలు' అని మనం అన్నట్టే 'మీ వర్ బెటర్' అనేవాళ్ళు, ఆ 'మీ' మన 'నాకు'. తర్వాత 'నాకు' పోయి 'నేను' వచ్చింది, 'వర్' పోయి 'హ్యాడ్' వచ్చింది. వాళ్ళు వదిలేసిన ఆ 'నాకు మేలు' పద్ధతి మన భాషలో ఇవాళ్టికీ చెక్కు చెదరకుండా ఉంది. మీరు రాసిన మెయిల్ వెనక ఉన్నది ఆ పద్ధతే. మీ మేనేజర్‌తో ఒక్కసారి కూర్చుని ఇదంతా చెప్పండి, ఆ క్లయింటుకి కూడా రెండు వాక్యాల్లో రాయండి. అర్థం చేసుకోని మనిషి ఉండడు.

ప్రశ్న: స్కూల్లో ఐదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. పిల్లలు 'మోర్ బెటర్' అని రాస్తుంటే కొట్టేసి కొట్టేసి చేయి నొప్పి పుడుతోంది. ఎంత చెప్పినా మళ్ళీ అదే. ఎలా మాన్పించాలి? — ఒక టీచర్, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: టీచర్ గారూ, ఆ ఎర్ర ఇంకు కాసేపు పక్కన పెట్టండి. పిల్లలు ఆ తప్పు ఎందుకు చేస్తున్నారో చూస్తే మాన్పించే దారి అందులోనే దొరుకుతుంది.

తెలుగులో పోలిక చెప్పడానికి మనం విశేషణాన్ని ముట్టుకోం. 'తోతాపురి తియ్యగా ఉంది. తోతాపురి కంటే బంగినపల్లి తియ్యగా ఉంది.' తియ్యగా అనేది రెండు చోట్లా అదే. పోలిక బరువంతా మోసేది 'కంటే', లేదా 'కన్నా'. దానిమీద ఇంకొంచెం ఒత్తి చెప్పాలంటే 'ఇంకా' తగిలిస్తాం. 'రసాలు ఇంకా తియ్యగా ఉన్నాయి.' ఇప్పుడు పిల్లాడి బుర్రలోకి వెళ్ళండి. వాడికి 'బెటర్' అంటే 'బాగుంది' అని మాత్రమే తెలుసు, ఇంటి దగ్గర వాళ్ళమ్మ ఆ అర్థంలోనే వాడుతుంది. అందులో పోలిక ముందే దాగి ఉందని వాడికి ఎవరూ చెప్పలేదు. మరి 'ఇంకా బాగుంది' అనడానికి 'ఇంకా'కి 'మోర్' పెట్టాడు, 'బాగుంది'కి 'బెటర్' పెట్టాడు. వాడి లెక్క ప్రకారం సరిగ్గానే రాశాడు పాపం.

కాబట్టి 'మోర్ బెటర్ తప్పు' అని చెప్పడం కన్నా 'ఇంకా'కి ఇక్కడ ఏ మాట వాడాలో చెప్పండి. మన 'ఇంకా' మూడు పనులు చేస్తుంది. 'ఇంకా కావాలి' అన్నప్పుడు మోర్. 'ఇంకా రాలేదు' అన్నప్పుడు యెట్. 'ఇంకా బాగుంది' అన్నప్పుడు ఈవెన్, లేదా స్టిల్. 'ఈవెన్ బెటర్.' చాలా తేడా ఉంటే 'మచ్ బెటర్', 'ఫార్ బెటర్'. 'వెరీ బెటర్' కూడా రాస్తుంటారు, అదీ కుదరదు, వెరీ అనేది గుడ్ పక్కనే కూర్చుంటుంది. బోర్డు మీద ఈ మూడు 'ఇంకా'లు పక్కపక్కన రాసి, వాళ్ళ చేతే తెలుగు వాక్యాలు చెప్పించి, ఏ ఇంకా ఎక్కడికి వెళ్తుందో వాళ్ళనే పెట్టమనండి. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో ఇలా చేస్తే వారం తిరిగేసరికి పిల్లలే పక్కవాడి నోట్‌బుక్‌లో తప్పు పట్టేవాళ్ళు.

ఇంకో మాట కూడా పిల్లలతో చెప్పండి, వాళ్ళకి ధైర్యం వస్తుంది. ఇంగ్లీషు వాళ్ళే 16, 17 శతాబ్దాల్లో 'మోర్ బెటర్' అని హాయిగా రాసుకున్నారు, పెద్ద పెద్ద కవులు కూడా. ఒత్తి చెప్పడానికి అది ఒక పద్ధతి. తర్వాత 18వ శతాబ్దంలో వ్యాకరణాలు రాసినవాళ్ళు ఒకే పోలిక రెండుసార్లు ఎందుకని కొట్టేశారు. ఇవాళ పరీక్షలో తప్పే, మార్కు తీసేయాల్సిందే. కానీ అది తెలివితక్కువ తప్పు కాదు.

గుడ్ తర్వాత 'గుడర్' ఎందుకు కాదని అడిగే పిల్లాడు ప్రతి క్లాసులో ఒకడుంటాడు. వాణ్ణి గట్టిగా పట్టుకోండి. గుడ్ ఒక ధాతువు నుంచి వచ్చింది, బెటర్, బెస్ట్ వేరే ధాతువు నుంచి వచ్చాయి. రెండు కుటుంబాలు ఒక ఇంట్లో చేరినట్టు. జర్మన్‌లోనూ అంతే, గూట్ తర్వాత బెస్సర్. బెటర్ వచ్చిన ధాతువు నుంచే పాత ఇంగ్లీషులో 'బోట్' అనే మాట ఉండేది, దానికి లాభం, మేలు, జబ్బుకి నివారణ అని అర్థాలు. ఇప్పుడది ఎక్కువగా 'టు బూట్' అన్న పదబంధంలోనే కనిపిస్తుంది, 'దానికి తోడు' అనే అర్థంలో. మేలు, నివారణ అనే ఈ రెండు అర్థాలూ గుర్తుంచుకోండి, చివరి ప్రశ్నలో మళ్ళీ పనికొస్తాయి.

ప్రశ్న: మేం ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట తెలుగు మాట్లాడతాం. ఉర్దూలో 'బెహతర్', ఇంగ్లీషులో 'బెటర్'. అర్థం ఒకటే, శబ్దం ఒకటే. ఒకదాన్నుంచి ఒకటి వచ్చిందా? — ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: భాయ్, ఈ ప్రశ్న నాకెంతో ఇష్టమైనది. హైదరాబాద్‌లో ఉంటే తప్ప తట్టని ప్రశ్న కూడా. జవాబు మాత్రం మీరు అనుకున్నది కాదు. రెండూ కలవడం కాకతాళీయం. ఇంగ్లీషు 'బ్యాడ్', ఫార్సీ 'బద్' కూడా అంతే, అచ్చం ఒకేలా ఉన్నా చుట్టరికం లేదు.

బెహతర్ ఫార్సీ మాట, 'బెహ్' ఒక ముక్క, 'తర్' ఒక ముక్క. ఆ 'బెహ్' పాత ఇరానీ భాషలో 'వహ్య' లాంటి రూపంలో ఉండేది. సంస్కృతంలో మంచిది, సంపద అనే అర్థమున్న 'వసు' ఉంది చూడండి, వసుంధరలో ఉన్నది, దానికి దగ్గరి చుట్టం. పైగా ఆ వహ్య అంటేనే 'ఎక్కువ మంచిది' అని. పోలిక అందులోనే ఉంది. కాలక్రమంలో జనం అది మరిచిపోయి దానికి మళ్ళీ పోలిక చెప్పే 'తర్' తగిలించారు. అంటే పుట్టుక చూస్తే బెహతర్ అనేదే ఒక 'మోర్ బెటర్'! పైన టీచర్ గారి పిల్లలు చేసినదే ఒక పెద్ద భాష మొత్తం చేసి, అందరూ ఒప్పుకున్న మాటగా నిలబెట్టుకుంది.

ఇక ఆ 'తర్' మనకి పరాయిది కాదు. సంస్కృతంలో పోలికకి వాడే 'తర' అదే. పేపర్లో రోజూ చదివే 'గురుతర బాధ్యత' అంటే ఎక్కువ బరువైన బాధ్యత. 'మహత్తర' అంటే మహత్తు కంటే పైది. మనం వాటిలోని పోలికని మరిచిపోయి ఊరికే 'గొప్ప' అనే అర్థంలో వాడేస్తున్నాం. 'బెటర్' చివరున్న 'అర్' మాత్రం ఈ తరకి సంబంధించింది కాదు, 'స్వర్గాదపి గరీయసీ' అంటామే, అందులోని 'ఈయస్'కి చుట్టం. గరీయసీ అంటే బరువైనది అని కాదు, స్వర్గం కంటే బరువైనది అని. బెస్ట్ చివరున్న 'స్ట్', శ్రేష్ఠ, గరిష్ఠ, కనిష్ఠల్లోని 'ఇష్ఠ' కూడా ఒకే మూలం నుంచి వచ్చినవే. కాబట్టి చుట్టరికం ఉంది, మీరు వెతికిన చోట మాత్రం లేదు.

ప్రశ్న: 'ఫర్ ద బెటర్ పార్ట్ ఆఫ్ త్రీ అవర్స్' ట్రాఫిక్ ఆగిపోయిందని ఇంగ్లీషు పేపర్లో చదివాను. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అందులో బెటర్ ఏముంది? — ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: ఇక్కడ బెటర్ అంటే మంచి అని కాదు, పెద్దది అని. మూడు గంటల్లో ఎక్కువ భాగం, దాదాపు మూడు గంటలు అని అర్థం. మంచి పనికైనా చెడ్డ పనికైనా వాడొచ్చు. మనం కూడా 'మంచి దెబ్బ తగిలింది', 'మంచి ఎండలో వచ్చావు' అంటాం కదా, అలాంటిదే అనుకోండి.

ప్రశ్న: బెటర్ తర్వాత 'దాన్' రాయాలా, 'టు' రాయాలా? సీనియర్, జూనియర్‌లకి టు అన్నారు కదా. — పోటీ పరీక్షలకి చదువుతున్న ఒక విద్యార్థిని, అశోక్‌నగర్

జవాబు: దాన్. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ లాటిన్ నుంచి వచ్చినవి, వాటికే టు. ఇంగ్లీషు సొంత మాటలకి దాన్. 'ప్రిఫర్'కి కూడా టు వస్తుంది, కాఫీ కంటే టీ ఇష్టమైతే 'ఐ ప్రిఫర్ టీ టు కాఫీ'. పరీక్షలో ఇచ్చేది ఎక్కువగా ఇదే, జాగ్రత్త.

ప్రశ్న: మా మనవరాలు అమెరికాలో చదువుకుంటోంది. పది రోజులుగా జ్వరం. నిన్న ఫోన్‌లో 'ఐయామ్ బెటర్ నౌ తాతయ్యా' అని మెసేజ్ పెట్టింది. జ్వరం పూర్తిగా తగ్గిందనుకోవాలా, ఇంకా ఉందనుకోవాలా? మా ఆవిడ తగ్గిందంటుంది, నాకు నమ్మకం లేదు. — ఒక తాత, ఉప్పల్

జవాబు: అయ్యా, మీ ఇద్దరి మాటా సరైనదే, మీ టెన్షన్‌కి కారణం ఉంది. ఇంగ్లీషులో ఈ ఒక్క చోట బెటర్‌కి నిజంగానే రెండు అర్థాలు. ఒకటి, ముందుకంటే కొంచెం మెరుగు. రెండు, పూర్తిగా కోలుకున్నాను. 'డోంట్ గో టు స్కూల్ అంటిల్ యూ ఆర్ బెటర్' అని తల్లి అంటే కొంచెం తగ్గగానే పో అని కాదు, పూర్తిగా తగ్గేదాకా పోవద్దు అని. పక్కన 'ఎ లిటిల్' గానీ 'మచ్' గానీ ఉంటే ఇంకా కోలుకుంటోందని, 'కంప్లీట్లీ' అనో 'ఆల్ బెటర్' అనో ఉంటే అయిపోయిందని. ఒట్టి బెటర్ అంటే మాత్రం అడిగి తెలుసుకోవాల్సిందే.

మన 'నయం' కూడా అచ్చం ఇలాంటిదే. 'గుడ్డికన్నా మెల్ల నయం' అంటాం. మెల్ల మంచిదని దానర్థమా? కాదు, గుడ్డితో పోలిస్తే మేలు, అంతే. అదే 'జబ్బు నయమైంది' అంటే పూర్తిగా పోయిందని. పైన టీచర్ గారితో చెప్పాను, బెటర్ పుట్టిన ధాతువులోనూ మేలు, నివారణ రెండూ ఉన్నాయని. ఎక్కడి ఇంగ్లీషు, ఎక్కడి తెలుగు, ఏ చుట్టరికమూ లేకుండా ఒకే దారిలో నడిచాయి. కాకపోతే మనకి తేడా తెలిపే గుర్తు ఉంది. 'కంటే' పక్కనుంటే పోలిక, 'అయింది' పక్కనుంటే పూర్తయింది.

ఈ తేడా నాకు పుస్తకంలో తెలియలేదు. కొన్నేళ్ళ కింద మా నాన్నగారిని ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్‌తో ఇక్కడ ఒక ఆసుపత్రిలో ఐసీయూలో పెట్టాం. మూడో రోజు పొద్దున్నే సిస్టర్ బయటికి వచ్చి 'పేషెంట్ ఈజ్ బెటర్' అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. మా తమ్ముడు ఆ సంతోషంలో ఊరికి ఫోన్ చేసి 'నాన్నకి నయమైందంటమ్మా' అన్నాడు. బెటర్‌ని తెలుగులోకి మార్చే ఆ ఒక్క క్షణంలో 'కంటే' జారిపోయి 'అయింది' వచ్చి కూర్చుంది. అమ్మ ఉతికిన పంచె, కండువా సంచిలో పెట్టుకుని, ఇంటికి తీసుకొచ్చేద్దామని బస్సెక్కి మధ్యాహ్నానికల్లా దిగింది. అద్దంలోంచి చూస్తే నాన్న ముఖానికి మాస్కు అలాగే ఉంది. అమ్మ నన్నేమీ అడగలేదు, సంచి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది.

సాయంత్రం డాక్టర్ గారు వచ్చినప్పుడు నేను అడిగాను, 'దేనికంటే బెటర్ డాక్టర్ గారూ? నిన్నటికంటేనా, చేరిన రోజుకంటేనా?' అని. ఆయన విసుక్కోలేదు. కేస్ షీట్ తెరిచి వేలు పెట్టి చూపించారు. నిన్న నిమిషానికి పది లీటర్లు పెట్టిన ఆక్సిజన్ ఇవాళ ఎనిమిదికి తగ్గించారట. బెటర్ అంటే ఆ రెండు లీటర్లు. ఆ తర్వాత రోజూ అదే ప్రశ్న అడిగాను, ఎనిమిది ఆరయింది, ఆరు నాలుగయింది, పదకొండో రోజున నాన్న ఆ పంచె కట్టుకునే ఇంటికి వచ్చారు.

మీ మనవరాలికి తెలుగు వచ్చు కదండీ, తాతయ్యా అని రాసింది. ఇంగ్లీషు మెసేజ్ చూసి మీరిద్దరూ వాదించుకోవద్దు, ఇవాళ రాత్రికి ఫోన్ చేసి తెలుగులో అడగండి. 'నిన్నటికంటే నయమా తల్లీ, నయమైపోయిందా? జ్వరం ఎంత చూసుకున్నావు?'